మా అమ్మ చదివి వినిపించిన సినిమా

ప్రపంచ సినిమాలో నాలాంటి కుర్రాళ్ళందరికీ జలగండం ఉంది. ఏ దేశమైనా కానివ్వండి, మగవాణ్ణి ప్రేమించిన మగపిల్లవాడు కథ ముగిసే వేళకి ఏదో ఒక నీళ్ళ ఒడ్డుకి చేరతాడు. సముద్రమో, సరస్సో, వంతెన కింద ఏరో. ఊళ్ళో నీటి వసతి లేకపోతే దర్శకుడు వాన కురిపిస్తాడు. మరీ దయగలవాడైతే రైలెక్కించి పంపేస్తాడు. చిలకలగూడలో స్టేషన్ అనౌన్స్‌మెంట్లు వింటూ పెరిగినవాణ్ణి, రైలెక్కడంలో అంత విషాదం ఏముందో నాకెప్పుడూ అంతుబట్టలేదు. మా వీధిలో సగంమంది పొద్దున్నే రైలెక్కి డ్యూటీకి వెళ్తారు, సాయంత్రం కూరగాయల సంచితో దిగుతారు.

అయినా ఆ సినిమాలంటే నాకు ప్రాణం. తిట్టుకుంటూనే చూస్తాను. డిగ్రీ చదివే రోజుల్లో మొదటిసారి అలాంటిది ఒకటి చూశాను, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, నిండా దుప్పటి కప్పుకుని. భాష ఒక్క ముక్క తెలియదు. అందులో కుర్రాడు ఎవరితోనూ మాట్లాడడు, అందరితోనూ కొట్లాడతాడు, గోడని గుద్ది చెయ్యి పగలగొట్టుకుంటాడు. వీడు అచ్చం నేనే అనుకున్నాను. ఆ వయసులో నేనూ కారణం చెప్పలేని కోపంతో తిరిగేవాణ్ణి. గల్లీ క్రికెట్లో అవుటిచ్చాడని అంపైర్ని కొట్టిన ఘనత నాది. మా అమ్మ దాన్ని నాన్న పోలిక అనుకుంది. ఆ కోపం ఎక్కడి నుంచి వస్తోందో నాకు చెప్పింది ఆ సినిమాయే. అందుకే అలాంటి కుర్రాళ్ళని నీళ్ళలో ముంచినప్పుడల్లా ఆ దర్శకుల మీద ఒళ్ళు మండుతుంది. మావాణ్ణి ఒక్కసారి ఇంటికి పంపిస్తే మీ సొమ్మేం పోయిందయ్యా అని అడగాలనిపిస్తుంది.

ఆ సినిమాలకి తెలుగు మాటలు రాయడం నా సరదా. తెర కింద ఇంగ్లీషులో పడే అక్షరాల్ని తెలుగు చేస్తానన్నమాట. ఉద్యోగం వేరే ఉంది, రాంగోపాల్‌పేట్‌లో ఒక ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంటాను. ఈ విద్య అబ్బింది మాత్రం చర్చిలో. ఆదివారం ఆరాధనలో పాటల చరణాలు తెర మీద వేసేది నేనే. పాడేవాళ్ళు ఈ లైను చివరికి రాకముందే తర్వాతి లైను పడాలి. అరక్షణం ఆలస్యమైతే ముందు వరసలో ఆంటీలందరూ ఒకేసారి వెనక్కి తిరిగి చూస్తారు. ఆ చూపుకి భయపడి నేర్చుకున్న పని జీవితాంతం మరిచిపోలేం. లైను పొడుగ్గా ఉండకూడదని, చదవగానే నోటికి రావాలని, పుస్తకంలో మాట కన్నా వంటింట్లో మాట తొందరగా అందుతుందని అక్కడే తెలుసుకున్నాను.

నేను తెలుగు చేసిన సినిమాలు చూడటానికి ఒక చిన్న గుంపు ఉంది. అందరూ నాలాగే 'గే' కుర్రాళ్ళే. ఒకతను ఆటో నడుపుతాడు, ఒకతను కాలేజీలో పాఠాలు చెప్తాడు, మిగిలినవాళ్ళు ఏవో ఉద్యోగాల్లో ఉన్నారు. బోయిగూడలో ఒక మొబైల్ రిపేరు షాపు వెనక గదిలో శనివారాలు కలిసేవాళ్ళం. ఆ షాపు నడిపేవాడు నా మనిషి. మా అమ్మ ముందు మాత్రం 'ఫ్రెండ్' అంటాను. ఆవిడ అతనికి పండగ కేకు పంపిస్తుంది, జ్వరమొస్తే ఫోన్ చేసి పలకరిస్తుంది, 'మంచి కుర్రాడు, ఇంకా పెళ్ళెందుకు చేసుకోడో' అని నాతోనే వాపోతుంది. అప్పుడు నేను నీళ్ళు తాగడానికి లోపలికి వెళ్తాను.

మా అమ్మకి తెలియదు. తెలియకూడదని కూడా నేనే చూసుకున్నాను. గుంటూరు వైపు నుంచి పెళ్ళై ఇక్కడికి వచ్చి, ఇక్కడి బడుల్లోనే తెలుగు టీచరుగా పనిచేసి రిటైరైంది. నాన్న పోయాక ఇంట్లో ఉండేది మేమిద్దరమే. చర్చిలో స్త్రీల సమాజానికి ఆవిడే అధ్యక్షురాలు. ఇంట్లోంచి పొమ్మంటుందేమోనన్న భయం నాకు పెద్దగా లేదు. ఏ అద్దె గదిలోనైనా బతకొచ్చు. కానీ నన్ను చూసి కళ్ళు తిప్పుకుంటే? అన్నం వడ్డిస్తూ నా మొహం వంక చూడకపోతే?  ముప్పై దాటినా ఆ ఒక్క భయం తీరలేదు.

ఇంతలో ఆ షాపున్న బిల్డింగు ఓనరు వెనక గదిని ఎవరికో గోడౌన్‌కి ఇచ్చేశాడు. మాకు చోటు పోయింది. శనివారం సాయంత్రాలు మా అమ్మ స్త్రీల సమాజానికి వెళ్తుంది కాబట్టి, మా డాబా మీదే వేసుకుందామని నేనన్నాను. చర్చి ప్రొజెక్టరు ఎలాగూ నా చేతిలోనే ఉంటుంది. ఉతికిన తెల్ల డబుల్ దుప్పటి ఒకటి తీసి, బట్టల తీగకి కట్టి, కింది మూలలకి ఇటుకలు వేలాడదీశాను. అమ్మ పైకి వచ్చి చూసింది.

"ఏంట్రా ఇది?"

"సినిమా అమ్మా. ఫ్రెండ్స్ వస్తున్నారు. వేరే దేశం సినిమా, తెలుగు మాటలు నేనే రాశాను."

ఆవిడ మొహం వెలిగిపోయింది. ఎందుకు వెలిగిందో ఆలోచించే తీరిక నాకు లేకపోయింది. మా వాళ్ళలో దుప్పటి కట్టి, చర్చి ప్రొజెక్టరు పెట్టి, వేరే దేశం సినిమాని తెలుగులో చూపించడమంటే దానికి ఒక్కటే అర్థం. యేసు కథ చెప్పే సువార్త సినిమా. మా అమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊరి బడి మైదానంలో అలాగే వేసేవారట. ఊరంతా వచ్చి నేల మీద కూర్చునేదట. చర్చిలో స్లైడ్లు మార్చడం తప్ప దేవుడి పనిలో మరో చెయ్యి వెయ్యని కొడుక్కి ఇన్నాళ్ళకి బుద్ధి పుట్టిందని ఆవిడ పొంగిపోయింది. ఆ సంబరంలో, ఆ వారం ప్రార్థన కూటం మా డాబా మీదేనని స్త్రీల సమాజం వాళ్ళందరికీ ఫోన్లు చేసేసింది. నాకు చెప్పాలన్న సంగతే మర్చిపోయింది.

చీకటి పడుతుండగా మా గుంపు వచ్చింది. చాపలు పరిచి, పాప్‌కార్న్ పంచుకుంటున్నాం. మెట్ల మీద చప్పుడైంది. ముందు ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి, వాటి వెనక ఆంటీలు వచ్చారు. తెల్ల చీరలు, చేతిసంచులు, ఒకావిడ చేతిలో చెగోడీల డబ్బా. చివరగా మా అమ్మ, మా వీధి చివర ఇంటి పెద్దామెని చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా ఎక్కించుకుంటూ వచ్చింది. పెద్దామెకి చూపు మందగించింది, చదువు ముందునుంచీ లేదు.

"కూర్చోండమ్మా, కూర్చోండి. మావాడే తెలుగు చేశాడు" అంది అమ్మ, డాబా అంతా వినిపించేలా.

మా గుంపు మొహాలు చూడాలి. ఆటో అతను పాప్‌కార్న్ నోట్లో పెట్టుకుని నమలడం మానేశాడు. నా మనిషి నా పక్కకి జరిగి చెవిలో అన్నాడు, "అరే, నీ పెన్‌డ్రైవ్‌ల మీ చర్చి వార్షికోత్సవం వీడియో ఉన్నది గదా. గది పెట్టు. జెర ఆలోచించు, పరేషాన్ కాకు. మన సినిమా ఇంకోసారి చూద్దాం."

నిజమే, ఆ వీడియో ఉంది. పాస్టర్ గారు కేకు కొయ్యడం, పిల్లల డాన్సులు, అన్నీ ఉన్నాయి. వేలు దాని మీదికి వెళ్ళింది కూడా. సరిగ్గా అప్పుడే నాకు కోపం వచ్చింది. అంపైర్ని కొట్టినప్పటి పాత కోపం. అమ్మ గదిలోకి రాగానే తెర మార్చడం, ఫోన్ బోర్లా పెట్టడం, మాట మింగడం, ఇదే నా బతుకైపోయింది. నా ఇంటి డాబా మీద, నేను కట్టిన దుప్పటి మీద, నేను నెలల తరబడి కూర్చుని రాసిన మాటల్ని నేనే దాచాలా? పెట్టనుగాక పెట్టను అనుకున్నాను. సినిమా మొదలుపెట్టేశాను.

కథ చిన్నదే. ఏదో చలి దేశం. బస్సు డిపోలో బస్సులు కడిగే కుర్రాడు. తల్లి బట్టలు కుడుతుంది. కుర్రాడికి తాగుడు, కొట్లాటలు, మాటామాటా పెరిగితే అద్దాలు పగలగొట్టడం. ఆ డిపోలోనే ఒక డ్రైవరు, నెమ్మదస్తుడు, వీడికి బస్సు రివర్స్ చెయ్యడం నేర్పిస్తాడు. అక్కడి నుంచి మిగతాది మీరు ఊహించగలరు. ఆంటీలు ఊహించలేదు.

మొదటి లైను పడగానే పెద్దామె అడిగింది, "ఏం రాసిండ్రు టీచరమ్మా? జెర సదివి చెప్పు, నాకు కానొస్తలేదు."

మా అమ్మ కళ్ళజోడు సర్దుకుని చదవడం షురూ చేసింది. ఇది నేను అనుకోలేదు. ఆవిడది క్లాసు వెనక బెంచీ దాకా పోయే గొంతు. నేను గుట్టుగా రాసుకున్న ప్రతి మాటనీ ఒత్తులూ పొల్లులూ తప్పకుండా, చిలకలగూడ ఆకాశానికంతా వినిపించేలా చదువుతోంది. కుర్రాడు బూతు తిట్టినచోట మాత్రం "తిట్టాడు" అని సరిపెట్టింది. ఆంటీలు చెగోడీలు తింటూ ఆ కుర్రాడి మీద జాలిపడ్డారు. "తండ్రి లేని పిల్లాడు, అందుకే అలా తయారయ్యాడు" అంది ఒకావిడ. "చూస్తూ ఉండండి, చివర్లో మారతాడు" అంది స్త్రీల సమాజం సెక్రటరీ.

తర్వాత, సబ్బు నురగ కారుతున్న ఖాళీ బస్సులో ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చేతుల్లోకి తీసుకున్నారు. మాటలు లేవు కాబట్టి అమ్మకి చదవడానికి ఏమీ లేదు. 

"ఏం చేస్తుండ్రమ్మా?" అంది పెద్దామె.

మా అమ్మ హాజరు పిలిచే గొంతుతో చెప్పింది, "ముద్దు పెట్టుకుంటున్నారు."

"ఇద్దరు మొగోళ్ళేనా?"

"ఇద్దరూ."

పెద్దామె "సలి దేశం గదా" అని, తన శాలువా భుజాల మీదికి లాక్కుంది.

సెక్రటరీ లేచింది, ఆవిడ వెనకే ఇంకొకావిడ లేచింది. కుర్చీలు మడవడం కుదరదు కాబట్టి నెత్తిన పెట్టుకుని మెట్లవైపు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు ఉండిపోయారు. కథ ఏమవుతుందోనని కొందరు ఉన్నారు, టీ ఇంకా రాలేదని కొందరు ఉన్నారు.  అమ్మ వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ మొహంలో ఏం కనిపిస్తుందోనని నేను ఆవిడ జుట్టుముడి వైపే చూస్తూ నిలబడ్డాను.

డిపోలో వాళ్ళకి సంగతి తెలిసి కుర్రాణ్ణి చితకబాదారు. వాడు నెత్తురోడుతూ ఇంటికొచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. తల్లి గిన్నెలో సూప్ పోసి ముందు పెట్టింది. మా అమ్మ చదివింది.

"దెబ్బల గురించి అడగకమ్మా. ఎందుకు కొట్టారో అడుగు."

ఆవిడ ఊపిరి తీసుకుని తర్వాతి లైను చదివింది.

"నేను అతణ్ణి ప్రేమించాను. అందుకు కొట్టారు. నేను ఇలాగే పుట్టానమ్మా. నేనేం చెయ్యను?"

ఈ మాటలు నేను రాసినవే. ఎన్నోసార్లు చెరిపి రాశాను. మా అమ్మకి చెప్పాలని ఎన్నో ఏళ్ళుగా నోటిదాకా వచ్చి ఆగిపోయినవి కూడా ఇవే. ఇప్పుడు అవి మా అమ్మ నోట్లోంచే వస్తుంటే నేను పిట్టగోడ పట్టుకున్నాను. నా మనిషి లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. అందరి ముందూ పట్టుకున్నాడు. నేను విడిపించుకోలేదు.

తెర మీద తల్లి నోరు విప్పింది. ఆవిడ తన భాషలో అన్నది ఒక చిన్న ముక్క, సూప్ చల్లారిపోతోందని. అది తెలుగులో పెడితే చప్పగా ఉంది. అలాంటి సమయంలో తల్లులనేవాళ్ళు ఏమంటారని నన్ను నేను ప్రశ్నించుకుంటే, నాకు తెలిసిన తల్లి ఒక్కతే. అందుకని ఆ మాటే రాశాను. మా అమ్మ అదే గొంతుతో చదువుకుంటూ పోయింది.

"అన్నం మీద అలగకూడదు. ముందు తిను, తర్వాత లోకాన్ని తగలెట్టు..."

అక్కడ ఆగిపోయింది. నేను స్కూల్లో దెబ్బలాడి వచ్చినప్పుడు, పరీక్ష పోయినప్పుడు, నాన్న పోయిన రోజున కూడా నా ముందు కంచం పెట్టి ఆవిడ అన్న మాట అది. మొదటి సగం అందరమ్మలూ అంటారు. రెండో సగం ప్రపంచంలో మా అమ్మ ఒక్కతే అంటుంది. ఆవిడ మెల్లగా వెనక్కి తిరిగింది. కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. నా చేతిని చూసింది. ఆ చేతిలో ఉన్న చేతిని చూసింది.

"ఆగినవేందమ్మా?" అంది పెద్దామె. "సదువు. ఆ పిల్లగాడు తిన్నడా లేదా?"

అమ్మ మళ్ళీ తెరవైపు తిరిగింది. "చదువుతున్నా" అంది. మిగతా సినిమా అంతా చదివింది. ఒక్క అక్షరం వదల్లేదు.

చివరికి, ఎప్పటిలాగే, కుర్రాడు సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోతాడు. తల్లి తలుపు గడియ మీద చెయ్యి వేసి నిలబడుతుంది. బయట బస్సు కదులుతుంది. తెర నల్లబడిపోతుంది. ఈ ముగింపుకి పండితులు ఏవేవో పేర్లు పెట్టారు. మా ఆంటీలు ఒప్పుకోలేదు.

"అయిపోయిందా? గడియ తియ్యదేంటండీ ఆవిడ?"

"చెయ్యి గడియ మీదే ఉంది కదా, తియ్యడానికి ఏం రోగం?"

"బాబూ, ఇలా ఆపేస్తే ఎలా? తర్వాతది పెట్టు" అని చెగోడీల ఆంటీ నా మీద కేకలేసింది, సినిమా నేనే తీసినట్టు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎన్నో ఏళ్ళుగా నేను ఒంటరిగా కోప్పడిన ముగింపు మీద ఒక డాబా నిండా జనం కోప్పడుతున్నారు.

ఎవరింట్లో కూటం జరిగితే ఆ ఇంటావిడే ముగింపు ప్రార్థన చెయ్యాలి. అది మా పద్ధతి. మా ఇళ్ళల్లో ఇంకో పద్ధతి కూడా ఉంది. మొహం మీద చెప్పలేనివి ప్రార్థనలో దేవుడితో చెప్తాం, చెప్పాల్సినవాళ్ళు పక్కనే కూర్చుని వింటారు. నేను ఇంటర్ తప్పినప్పుడు అమ్మ నన్ను పల్లెత్తు మాట అనలేదు, కుటుంబ ప్రార్థనలో మాత్రం దేవుడికి సబ్జెక్టులవారీగా నివేదించింది. ప్రార్థన నడుస్తుండగా ఎవరూ అడ్డు రాకూడదు, లేచి వెళ్ళిపోకూడదు. అమ్మ లేచి నిలబడి కొంగు నెత్తి మీదికి లాక్కోగానే అందరూ తలలు వంచారు. మా గుంపు కూడా వంచింది. నేను కళ్ళు మూసుకోలేదు. మూసుకునే ధైర్యం లేదు.

"ప్రభువా, ఆ తల్లికి గడియ తీసే బుద్ధి ఇవ్వు" అని మొదలుపెట్టింది. "ఆ పిల్లవాడు ఏ ఊళ్ళో ఉన్నా వాడికి వేళకి అన్నం దొరికేలా చూడు. ఈ డాబా మీద కూర్చున్న పిల్లలందరి తల్లుల్నీ నీకు అప్పగిస్తున్నాను. వాళ్ళ చేతులు గడియల మీదే ఆగిపోనివ్వకు." కొంగు మళ్ళీ సర్దుకుంది. "నా కొడుకు నాకొక మాట చెప్పాలనుకున్నాడు ప్రభువా. నా మొహం చూసి చెప్పలేక ఇంత దుప్పటి కట్టి చెప్పాడు. నేను విన్నాను. నా నోటితోనే చదివాను. వాణ్ణి నువ్వు నాకు ఎలా ఇచ్చావో అలాగే నాక్కావాలి. ఇందులో వేరే మాట లేదు. ఆమేన్."

అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నది పెద్దామె. తర్వాత ఒకరొకరుగా అన్నారు. అననివాళ్ళు కూడా ఒకరిద్దరు ఉన్నారు, లేరని చెప్పను. మెట్ల గది తలుపు వెనక నుంచి కూడా ఒక ఆమేన్ వినిపించింది. వెళ్ళిపోయిందనుకున్న సెక్రటరీ అక్కడే కుర్చీ వేసుకుని చివరిదాకా చూసిందన్నమాట.

అమ్మ నా దగ్గరికి వచ్చింది. ఈసారి దేవుణ్ణి మధ్యలో పెట్టలేదు. నా కళ్ళలోకి చూసి, చెవి పట్టుకుని మెలిపెట్టింది. "నా మాటలు దొంగిలించి ఊళ్ళోవాళ్ళకి పంచుతున్నావట్రా? వెళ్ళి ముందు వాళ్ళకి టీ పొయ్యి" అంది. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. కానీ నా మీద నుంచి పక్కకి తిరగలేదు. ఇన్నేళ్ళ భయం అంతా ఒక్కసారిగా ఒంట్లోంచి దిగిపోయి, నాకు గట్టిగా ఈల వెయ్యాలనిపించింది. వేశాను కూడా. స్త్రీల సమాజం చరిత్రలో కూటం తర్వాత ఈల వినపడటం అదే మొదలు.

నేను టీ తెచ్చేసరికి అమ్మ నా మనిషి పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. అతను చేతులు కట్టుకుని, బడిపిల్లాడిలా ఉన్నాడు.

"మీ ఇంట్లో తెలుసా బాబూ?" అని అడుగుతోంది.

"తెల్వదు ఆంటీ. అమ్మకు చెప్పనీకి ధైర్యం సాలుతలేదు."

"మీ అమ్మగారు చదువుకున్నారా?"

"సదువు రాదు ఆంటీ. సంతకం ఒక్కటి పెడ్తది."

మా అమ్మ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"అయితే వచ్చే శనివారం ఆవిణ్ణి ఇక్కడికి తీసుకురా. నా పక్కన కుర్చీ వేస్తాను. నేను చదివి వినిపిస్తాను."